కాలిన కొండ మీద గుంతలు తవ్వకండి

ఫిబ్రవరి దాటిందంటే బెజవాడ చుట్టూ ఉన్న కొండలకు నిప్పు గండం మొదలవుతుంది. కొండపల్లి, మూలపాడు, ఏటికి అవతల మంగళగిరి, గుంటూరు దాటాక కొండవీడు. రాత్రిపూట హైవే మీద పోయేవాళ్లకు కొండ నడుమున ఎర్రటి గీత పాకుతూ కనబడుతుంది. తెల్లారేసరికి ఫొటోలు వాట్సాప్‌లో తిరుగుతాయి, కింద అందరిదీ ఒకటే మాట: అడవి బూడిదైపోయింది. జూన్‌లో నాలుగు చినుకులు పడగానే అవే గ్రూపుల్లో రెండో రకం ఫొటోలు వస్తాయి. టోపీలు, ఒకే రంగు టీషర్టులు, బ్యానరు, నల్లటి నేల మీద వరసగా గుంతలు, ఒక్కో గుంతలో కానుగ మొక్కో వేప మొక్కో, దాని పక్కన వంగి నవ్వుతున్న నలుగురు.

ఆ రెండో రకం ఫొటోలతోనే నా పేచీ. మొక్క నాటడం ఎక్కడైనా ఎప్పుడైనా పుణ్యమేనని మనకు బడి నుంచీ నూరిపోశారు. కాలిన ఎండు కొండ విషయంలో అది చాలామటుకు అక్కర్లేని పని, కొన్నిచోట్ల చెడ్డ పని కూడా అని నా వాదన. కాలిపోయిందని మనం ఏడుస్తున్న అడవిలో పెద్ద భాగం నేల కింద క్షేమంగా ఉంటుంది. మనం గునపం దించేది సరిగ్గా దాని నెత్తిన.

మాది దుగ్గిరాల పక్క ఊరు. పసుపు పండే ఇంట్లో పుట్టినవాడికి నేల కింది సంగతులు వేరే పాఠం చెప్పనక్కర్లేదు. తొలకరికి విత్తనం దుంప వేస్తారు. కార్తీకం నాటికి చేను నడుం దాకా పచ్చగా కమ్ముకుంటుంది. సంక్రాంతి వెళ్లాక ఆ ఆకంతా పండి, ఎండి, నేలకు వాలిపోతుంది. ఆకు కోసేసిన చేను బయటివాడెవడైనా చూస్తే బీడు అనుకుంటాడు. మా పెద్దనాన్న అలాంటి చేను గట్టున నిలబడే ఆ ఏటి లెక్కలన్నీ వేసుకునేవాడు. ఎన్ని పుట్లు దిగుతుంది, యార్డులో ధర ఎంత పలుకుతుంది, ఎవరి బాకీ ముందు తీర్చాలి. సొమ్మంతా జానెడు లోతున ఉందని ఆయనకు తెలుసు. తవ్వకుండా పొరపాటున వదిలేసిన దుంప మళ్లీ తొలకరికి తనంతట తనే మొలుస్తుందనీ తెలుసు.

పసుపు ఇవాళ పొలం పంటే గానీ, దాని నడవడి మాత్రం వానకాలపు అడవి మొక్కది. తూర్పు కనుమల్లో అడవి పసుపు, అడవి కంద, అడవినాభి అన్నిటిదీ ఇదే పద్ధతి. వానలున్న నాలుగైదు నెలల్లో గబగబా ఆకు వేసి, చేసుకున్న తిండిని దుంపలోకి దించేసి, ఎండలు ముదిరే వేళకు పైన ఆనవాలు లేకుండా చేసుకుంటాయి. మన అడవులు కాలేది ఫిబ్రవరికీ మేకీ మధ్య. నిప్పు వచ్చేసరికి వీటికి కాలడానికి పైన ఏమీ ఉండదు. ఇదంతా నిప్పు కోసం చేసుకున్న ఏర్పాటా అంటే, ముందు ఎండ కోసమే అనాలి. నీళ్లు లేని ఆరేడు నెలలు గడపడానికి దాక్కున్న మొక్కకు మంట నుంచి కాపుదల కూడా కలిసొచ్చింది. అడవి కంద అయితే వేసవి చివర్లో, ఇంకా ఒక్క ఆకైనా వేయకముందే, కాలిన నేలలోంచి నేరుగా పువ్వును పైకి పంపుతుంది. ఆ కంపు ఒకసారి తగిలినవాళ్లు మళ్లీ మర్చిపోరు.

మిగతా మొక్కలకు ఇంత వెసులుబాటు లేదు. గడ్డి, తీగ, పొద, చెట్టు, ఇవన్నీ ఎండాకాలంలో పైన ఎంతో కొంత ఉంటాయి, కాలతాయి. కాలాక ఏం మిగిలిందో చూడాలంటే దూరం నుంచి ఫొటో తీస్తే లాభం లేదు. ఈ మార్చిలో మూలపాడు వైపు కాలిన ఒక వాలు మీద మోకాళ్లూని కూర్చుని చాకుతో గోకి చూశాను. బూడిద అంతటా ఒకలా లేదు. గడ్డి కాలినచోట నల్లగా, పలచగా, ఊదితే ఎగిరిపోయేలా ఉంది. పడిపోయిన మాను కాలినచోట తెల్లగా, వేలు దిగేంత మందాన ఉంది. ఒక బోదగడ్డి దుబ్బు పిడికెడు నల్ల మోడుగా మిగిలింది. దాన్ని నిలువునా చీల్చాను. బయటి తొడుగులు బొగ్గు. వాటి లోపలివి గోధుమరంగులో ఎండి ఉన్నాయి. ఇంకా లోపలికి పోతే, మట్టి మట్టానికి కాస్త కిందగా, బియ్యపు గింజంత లేత పసుపుపచ్చ మొగ్గలు రెండు, చాకు మొనకు తడి అంటింది.

దాని పక్కనే పిల్లిపీచర తీగ. పైన ముళ్ల తీగంతా మాడిపోయింది, పట్టుకుంటే పొడి అయింది. దాని మొదలు దగ్గర రాళ్లు తీసి తవ్వితే వేలెడు మందం వేళ్లు గుత్తిగా, తెల్లగా, నీరుపట్టి ఉన్నాయి. ఒకదాన్ని కోస్తే ముక్క జారిపోయేంత చెమ్మ. అదే వాలు మీద నడిచి వచ్చినందుకు నా ప్యాంటుకు గుచ్చుకున్న గడ్డి గింజల సంగతీ చెప్పాలి, అంచున కాలకుండా మిగిలిన గడ్డిలోవి అవి. ఆ గింజ తోక తడి తగిలితే ఒకవైపు, ఆరితే ఇంకోవైపు మెలి తిరుగుతుంది. అలా మెలి తిరుగుతూ గింజ తనను తానే మట్టిలోకి దూర్చుకుంటుంది. మంట వచ్చే వేళకు చాలావరకు గింజలు లోపలికి పోయి ఉంటాయి. మనకు చిరాకు పుట్టించే ఆ గుచ్చుకోవడమే దానికి ప్రాణరక్ష.

కింద నుంచి మేకలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన నన్ను చూసి ఆగాడు.

"ఏం పోగొట్టుకున్నావయ్యా అక్కడ?"

"ఏవన్నా బతికుందేమోనని చూస్తున్నా బాబాయ్."

"బతక్కేం చేస్తది. వానదాకా కూడా ఆగదు. పది పదిహేను రోజులు పోనీ, చిగుళ్లు లేస్తయ్యి చూడు."

నిప్పు ఎవరు పెట్టారని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. లేత చిగుళ్లు ఎవరికి కావాలో ఆయన వెనకాల అరుస్తూనే ఉన్నాయి.

వాన రాకముందే చిగురు ఎలా వస్తుంది? ఆ నీరు, ఆ పిండి పదార్థం పోయిన వానకాలానివి. అవి చెడకుండా ఉండడానికి కారణం మట్టి. గడ్డి మంటలో వేడి కొన్ని వందల డిగ్రీలు ఉంటుంది. మొక్క కణం 60 డిగ్రీల దగ్గర నిమిషం ఉంచితే చచ్చిపోతుంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే ఏదీ మిగలకూడదు. కానీ గాలికి పరుగెత్తే గడ్డి మంట ఒకచోట నిలిచేది కొద్ది నిమిషాలే, దాని వేడిలో ఎక్కువ భాగం పైకే పోతుంది. పొడి మట్టి వేడిని లోపలికి అందించడంలో మహా నిదానం. మూడు వేళ్ల లోతున, అంటే సుమారు 5 సెంటీమీటర్ల కింద, మంట దాటిపోయాక కూడా వేడి కొద్ది డిగ్రీలే పెరుగుతుంది. అంతకంటే కింద ఉన్న మొగ్గకు పైన ఏం జరిగిందో తెలిసే అవకాశమే తక్కువ. బతుకుకూ చావుకూ మధ్య తేడా మంట ఎంత ఎత్తున లేచిందన్న దానికంటే ఎంతసేపు నిలిచిందన్న దానిమీదే ఎక్కువ ఆధారపడుతుంది. పడిపోయిన మాను గంటల తరబడి రగిలినచోట మట్టి ఇటుకరంగుకు తిరుగుతుంది. ఆ చారలో వానలు వచ్చినా చాలాకాలం ఏమీ లేవదు.

లోతు ఎంత విలువైనదో చూడాలంటే కొండ ఎక్కక్కర్లేదు, తేగ కొనుక్కుంటే చాలు. చలికాలంలో గుంటూరు బస్టాండు బయట, బెజవాడలో బండ్ల మీద కట్టలు కట్టి అమ్ముతారు. తిన్నవాళ్లు కోట్లమంది. అది చెట్టులో ఏ భాగమో ఆలోచించినవాళ్లు మాత్రం తక్కువ. తాటిపండ్లు తినేశాక టెంకలను గుల్ల మట్టిలో పాతరేస్తారు. ఏ గింజైనా మొలకను పైకి పంపుతుందనుకుంటాం కదా, తాటి టెంక ముందు కిందికి పంపుతుంది. టెంకలోంచి ఒక గొట్టం లాంటి తొడుగు బయటికొచ్చి నిట్టనిలువునా భూమిలోకి దిగుతుంది. ముందుముందు ఆకులు వేయాల్సిన మొగ్గ ఆ గొట్టం చివరన ఉంటుంది. అంటే చెట్టు తన ప్రాణాన్ని మూరెడు లోతుకు తీసుకెళ్లి అక్కడ పెడుతుంది. టెంక లోపల బుర్రగుంజు పెరుగుతూ గింజలోని కొబ్బరినంతా కరిగించి కిందికి అందిస్తుంది. అలా చేరిన పిండితో లావెక్కిందే తేగ. తంపట వేసి, పైపొర వలిచి, మధ్యకు చీలిస్తే పిల్లలు చందమామ అని వాటాలేసుకునే లేత ముక్క దొరుకుతుందే, అది ఆ తాటిచెట్టు వేయబోయిన ఆకు.

తినకుండా వదిలేస్తే ఆ లోతు నుంచి ఆకులు పైకి వస్తాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు తాటి పిల్ల పైకి ఆకులే చూపిస్తుంది, కాండం నేల కిందే ఉండి లావెక్కుతుంది. ఆ ఏళ్లలో చుట్టూ గడ్డి ఎన్నిసార్లు తగలబడ్డా పోయేది ఆకులే, మొగ్గ అందదు. అది ఒకసారి లేచి ఎత్తుకు పోయిందా, మొగ్గ గడ్డి మంటకు అందనంత పైన ఉంటుంది. మధ్యలో కాండం మాడినా పెద్ద చిక్కు లేదు. వేపకో మామిడికో బెరడు కింద పలచటి సజీవ పొర ఒకటి చుట్టూ ఉంటుంది, అది చుట్టూరా మాడితే చెట్టు పోయినట్టే. తాటికి అలాంటి పొర లేదు, నీటి గొట్టాలు కాండం అంతటా చెదిరి ఉంటాయి. వరి మోళ్లు తగలబెట్టిన పొలాల గట్ల మీద మొదలు బొగ్గై కూడా నిశ్చింతగా గెలలు వేస్తున్న తాళ్లు గుంటూరు నుంచి తెనాలి పోయే దారి పొడుగునా ఉన్నాయి, రైలు కిటికీలోంచి చూడొచ్చు.

ఇలాంటివే ఇంకొన్ని, గబగబా. లంకల్లో రెల్లు ప్రతి వేసవీ కాలుతుంది, దసరా నాటికి మళ్లీ తెల్లగా పూస్తుంది, దాని వేరుకాండం ఇసుకలో అల్లుకుని ఉంటుంది కాబట్టి. మిరప చేలో తుంగను కాల్చి చంపినవాడు ఇంతవరకు ఎవడూ లేడు, దాని గడ్డలు గొలుసుకట్టుగా కింద ఉంటాయి. పల్నాడులో సర్కారు తుమ్మను కొట్టి, కాల్చి, బొగ్గు చేసి అమ్ముకున్న రైతే మరుసటేడు అదే తుమ్మతో మళ్లీ తంటాలు పడతాడు. మొదలు దగ్గర మట్టిలో ఉన్న ముడిని పెకలిస్తే తప్ప అది చావదు. ఉయ్యూరు వైపు చెరకు కొట్టాక చేలో చెత్తకు నిప్పు పెట్టేవాళ్లున్నారు. నేల తల్లికి అది మంచిది కాదని ఎంత చెప్పినా వినరు. కానీ ఆ నిప్పు మీదుగానే కార్శి తోట (రెండో పంట) లేస్తుంది, మోళ్ల కింద మట్టిలో ఉన్న కళ్ల నుంచి.

ఇక్కడిదాకా వచ్చాక ఒక మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే కాలితే కాలనివ్వండి అన్నట్టుంటుంది. కింద దాచుకున్నది తరగని నిధి కాదు. గుంటూరు మిర్చి రైతు మంచి ధర లేనప్పుడు టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు. ఇంట్లో అవసరం పడినప్పుడల్లా కొన్ని తీసి అమ్ముతాడు. కొత్త పంట వచ్చి మళ్లీ నిండితే సరే, పంట రాకముందే మళ్లీ మళ్లీ తీయాల్సొస్తే చివరికి చేతిలో స్టోరేజీవాళ్లు ఇచ్చిన బాండు కాగితమే మిగులుతుంది. మొక్కదీ అదే స్థితి. ఒకసారి కాలి చిగురిస్తే వేళ్లలోని పిండి ఖర్చవుతుంది. కొత్త ఆకులు కనీసం ఒక మంచి వానకాలమైనా పనిచేస్తేనే అది తిరిగి నిండుతుంది. చిగుళ్లు లేచిన నెలకే మేకలు కొరికేసి, మరుసటి మార్చిలో మళ్లీ కాలి, ఆ పై ఏడు మళ్లీ కాలితే, ముందు రెమ్మలు సన్నబడతాయి, తర్వాత రావడం మానేస్తాయి. కొండ మీద మార్పు ఒక్క రాత్రిలో కనపడదు కాబట్టి ఈ చావుకు ఎవరూ ఫొటో తీయరు.

వేరు ముఖ్యమన్న సంగతి అటవీశాఖకు తెలియనిదేమీ కాదు. నర్సరీలో టేకు అడిగితే చాలాసార్లు చేతిలో పెట్టేది కట్టెముక్క. ఏడాది పెరిగిన నారును పీకి, పైన అంగుళం కాండం, కింద జానెడు తల్లివేరు ఉంచి మిగతాదంతా నరికేస్తారు. దాన్నే స్టంపు అంటారు. నాటితే ఆ వేరులోని బలంతో నిటారుగా లేస్తుంది. అడవిలో నిప్పు చేసే పనినే నర్సరీవాడు కత్తితో చేస్తున్నాడు. టేకు పిల్ల, ఉత్తరాది అడవుల్లో సాల పిల్ల ఏళ్ల తరబడి ప్రతి వేసవీ పైన మాడిపోతూ, కింద వేరు లావు చేసుకుంటూ, ఒక వానకాలం చాలినంత బలం చిక్కాక ఒక్క ఊపున మంటకు అందని ఎత్తుకు లేస్తుందని పాతకాలపు అధికారులు రాసిపెట్టారు. 1864లో డీట్రిచ్ బ్రాండిస్ బ్రిటిష్ ఇండియాకు మొదటి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాక నిప్పును పూర్తిగా ఆపడం శాఖకు పరువు సమస్యగా మారింది. బర్మా టేకు అడవుల్లో కొన్నిచోట్ల అలా ఆపిచూస్తే వెదురూ తుప్పలూ కమ్మి టేకు పిల్లలు లేవడం తగ్గింది. 20వ శతాబ్దం తొలి దశకాల్లో అక్కడి అధికారులే ఆ కట్టడిని సడలించుకున్నారు. ఆపడమూ తప్పే, వదిలేయడమూ తప్పే అనే ఈ ఇబ్బంది కొత్తది కాదు.

బయటి దేశాల్లో ఈ దాగుడు ఇంకా పెద్ద ఎత్తున ఉంటుంది. అంగోలా, జాంబియా గడ్డిమైదానాల్లో కొన్ని మొక్కలు జాతికి చెట్లే. కానీ కాండమంతా నేల కిందే పడుకుని కొమ్మలు వేస్తుంది, పైకి మోకాలెత్తు రెమ్మలే వస్తాయి. ఏటా నిప్పు ఆ రెమ్మలను కోసేస్తుంది, కింది మాను ఏళ్లకేళ్లు అలాగే ఉంటుంది. ఫ్రాంక్ వైట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1976లో వీటిని ఆఫ్రికా భూగర్భ అడవులు అన్నాడు. మన దగ్గర జామాయిల్ తోటలు కూడా ఆ కోవకు దగ్గరివే. ఆ చెట్టు సొంతూరు ఆస్ట్రేలియా. దాని జాతుల్లో చాలావాటికి మొదలు దగ్గర లిగ్నోట్యూబర్ అనే కర్ర గడ్డ ఉబ్బి ఉంటుంది, దాని నిండా నిద్రపోతున్న మొగ్గలు. ప్రకాశం జిల్లా రైతు ఒకసారి నాటి మూడు కోతలు కోసుకుంటున్నాడంటే అది అక్కడి మంటలకు ఆ చెట్టు నేర్చుకున్న విద్య వల్లే.

మన కొండలు అసలు అడవులేనా అన్న ప్రశ్న కూడా ఉంది. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌కు చెందిన జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్ వంటి పరిశోధకులు 2011లోనే ఈ ప్రశ్న వేశారు. కింద గడ్డి, పైన ఎడంగా చెట్లు ఉండే మన ఎండు అడవుల్లో చాలావాటిని పాడైన అడవులుగా చూడడం పొరపాటని, అవి తమంతట తాము ఒక రకం సవానాలని వాళ్ల వాదన. నాకు అది సబబుగా తోస్తుంది. పాడైన అడవి అన్న ముద్ర పడితే తర్వాత వచ్చేది గుంతలే. సవానా అంటే గడ్డి దుబ్బుకూ విలువ వస్తుంది.

అయితే కొండ తగలబెట్టుకోమంటావా అని మీరడగొచ్చు. అననే అనను. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం, అది ఉండాల్సిన చట్టమే. తునికాకు బాగా చిగురిస్తుందని నల్లమలలో పెట్టే నిప్పు తునికి వేరు పిలకలకు మేలు చేయొచ్చు గానీ, ఆ ఏడే మొలిచిన ప్రతి చెట్టు పిల్లకూ అది చావే, దానికి ఇంకా కింద ఏమీ పోగుపడలేదు. సాధనపు వెదురు మామూలు రోజుల్లో కాలినా దుంపకాండం నుంచి కొమ్ములు వేస్తుంది. కట్టగట్టి పూసి, గింజ రాలి, తల్లి దుబ్బులన్నీ ఎండిపోయిన ఆ కొద్ది ఏళ్లలో నిప్పు పడితే మాత్రం ఆ చోట వెదురే లేకుండా పోవచ్చు. నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు, నక్షత్ర తాబేళ్లు మంటను దాటి ఎక్కడికి పోతాయి? పైగా ఇప్పుడు లంటానా అనే బయటి నుంచి వచ్చిన పొద ఉంది. అది కూడా మొదలు నుంచి చిగురించగలదు, బాగా మండుతుంది, కాలిన ఖాళీలోకి అందరికంటే ముందు దూరుతుంది. కాబట్టి నిప్పును ఆపాలి. ఆపలేకపోయిన చోట, మంట ఆరాక ఏం చేయాలన్నదే నా గొడవ.

గుంతల లెక్క నిజాయితీగానే వేద్దాం. మొక్కకూ మొక్కకూ 3 మీటర్ల ఎడం పెడితే హెక్టారుకు 1,111 గుంతలు. ఒక్కోటి 45 సెంటీమీటర్ల చదరం అనుకుంటే అన్నీ కలిపి నేలలో నూటికి రెండు వంతులు పై చిల్లర. అంతేగా, దీనికింత రాద్ధాంతమా అనిపిస్తుంది. కానీ రాతి కొండ మీద మట్టి అంతటా ఉండదు, బండల సందుల్లో మడుగులు కట్టి ఉంటుంది. గునపం దిగేది అక్కడే. పిల్లిపీచర గుత్తులు, గడ్డి దుబ్బులు, పొదల మొదళ్లు ఉండేదీ అక్కడే. రెండు వంతులన్నది కొండ మొత్తం మీద లెక్క, మట్టి ఉన్న చోట్ల మీద లెక్క వేస్తే ఎంతో పెరుగుతుంది. దానికి తోడు గుంతలు తవ్వేముందు చోటు శుభ్రం చేయడం అని ఒకటుంటుంది, నల్లబడ్డ మోళ్లన్నీ చచ్చినవేనని పెకలించి కుప్ప వేస్తారు. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ల కార్యక్రమానికి వెళ్లి చూశాను, ఆ కుప్పలో తిరగేస్తే చిగురు కళ్లు తెరిచిన మొదళ్లు ఎన్నో. వాటి స్థానంలో పెట్టిన కానుగలకు జులై తర్వాత నీళ్లు పోసేవాడు లేడు. విత్తన బంతులు విసిరేవాళ్లను నేను ఏమీ అనను. దానివల్ల నష్టం తక్కువ, లాభం ఇంకా తక్కువ, పిల్లలకు ఒక పూట విహారం.

గుంతలది చిన్న తప్పు. పెద్ద తప్పు జేసీబీది. ఈ చుట్టుపక్కల రోడ్లకు, లేఅవుట్లకు మెరక పోయడానికి గ్రావెల్ కావాలి, అది కొండల నుంచే రావాలి. మీటరు లోతున బకెట్ ఒక్కసారి ఎత్తితే కొన్ని దశాబ్దాల వేళ్లు, గడ్డలు, గింజలు, అవి ఉండాల్సిన మట్టితో సహా లారీ ఎక్కుతాయి. పదిసార్లు కాలిన వాలు ఈడుస్తూనైనా తిరిగి రాగలదు. తవ్వేసిన వాలుకు తిరిగి రావడానికి ఏమీ మిగలదు. నిప్పు రాత్రి ఎర్రగా కనబడుతుంది కాబట్టి దానిమీద ఆవేశపడతాం. తవ్వకం పగలు, దుమ్ములో, వేబిల్లుతోనో వేబిల్లు లేకుండానో సాగిపోతుంది కాబట్టి దాన్ని పనిగా చూస్తాం.

కాలిన వాలుకు ఏం చేయాలంటే, ముందు గునపం పక్కన పెట్టాలి. మేకలను ఒక్క వానకాలం దూరంగా ఉంచగలిగితే అదే పెద్ద సేవ, అందుకు కాపరులతో కూర్చుని మాట్లాడాలి, వాళ్లకు వేరే మేపు చూపించాలి, నీతులు చెబితే కుదరదు. తొలి వానలకు లంటానా పిల్లలు చేత్తో పీకితే వస్తాయి, టీషర్టుల బృందాలకు ఆ పని ఇవ్వొచ్చు. ఆగస్టులో వెళ్లి ఏవి లేచాయో, ఎక్కడ లేవలేదో రాసుకోవాలి. రెండో వానకాలం గడిచాక కూడా బట్టతలలా మిగిలిన చోటు ఉంటే అప్పుడు నాటండి, ఆ కొండ గింజతోనే పెంచిన మొక్కలు. డబ్బులుంటే డిసెంబరు, జనవరుల్లో మంట దాటకుండా ఫైర్ లైన్లు గీకించడానికీ, వేసవిలో ఫైర్ వాచర్ల జీతాలకూ ఇవ్వండి. బ్యానరు కట్టుకోవడానికి అందులో పెద్దగా వీలుండదు, నిజమే.

నాటకపోతే చేతులు ఊరుకోవంటారా, బెజవాడలోనే చోటుకు కొదవ లేదు. మేలో వన్‌టౌన్ వీధుల్లో నీడ వెతుక్కుంటూ నడిచిన వాళ్లెవరినైనా అడగండి. సిమెంటు కింద లేవడానికి సిద్ధంగా ఏ దుంపా లేదు, అక్కడ మనం పెడితేనే చెట్టు. పెట్టిన చెట్లను కాపాడే పని కూడా ఉంది. రాలిన ఆకును ఊడ్చి వేప మొదట్లోనే కుప్ప పోసి అంటించడం మన వీధుల్లో మామూలు. కొండ మీద పరుగెత్తిపోయే గడ్డి మంటకన్నా ఈ కుప్ప ఎన్నో రెట్లు చేటు, గంటల తరబడి ఒకేచోట బెరడుకు ఆనుకుని రాజుకుంటుంది. కింది సజీవ పొర ఆ వైపంతా మాడుతుంది. రెండేళ్లకు బెరడు ఊడి, పుచ్చు పట్టి, ఒక తుపాను గాలికి కారు మీద పడుతుంది. చెట్టు మొదలు చుట్టూ టైల్స్ పరిచేశాం కాబట్టి వేరు నుంచి చిగురు వేయడానికీ దారి లేదు. ఊడ్చేవాళ్లను తిట్టి ప్రయోజనం లేదు, బండి వచ్చేదాకా ఆకు ఎక్కడ పోయాలో వాళ్లకు ఎవరూ చోటు చూపించలేదు. అపార్ట్‌మెంటు వెనక ఒక మూల, నాలుగు గోనెసంచులు, మున్సిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టరుకు ఒక అర్జీ, వీటితో మొదలుపెట్టొచ్చు. ఈ పనికి జూన్ దాకా ఆగితే ఆలస్యమైపోతుంది, వేప ఆకు రాల్చేది ఫిబ్రవరి, మార్చిలోనే.